మామ్మ దగ్గు, రెండు దుమ్ము మిషన్లు

మొన్న మధ్యాహ్నం టెక్కలిలో మా ఇంటికి ఒక సేల్స్ అతను వచ్చాడు. మెడలో టై, చంకలో చెమట, చేతిలో పెద్ద అట్టపెట్టె. నేను అప్పుడే అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కాసేపు నడుం వాలుద్దామా అని చూస్తున్నాను. వద్దనే లోపే పెట్టె విప్పేశాడు. లోపల వాక్యూమ్ క్లీనర్. మెరిసిపోతోంది. "మేడమ్, ఏదైనా తెల్లగుడ్డ ఉంటే ఇవ్వండి, మీ పరుపులో ఎంత దుమ్ముందో మీకే చూపిస్తాను" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నమ్మలేదనుకున్నాడేమో పాపం, మొహం చిన్నబుచ్చుకున్నాడు. నమ్మకపోవడం కాదు. ఆ మాట నేను పావడా కట్టుకునే రోజుల్లోనే విన్నాను. ఇదే టై, ఇదే తెల్లగుడ్డ. మనిషి ఒక్కడే వేరు. సరే, పాపం ఎండలో వచ్చాడు కదా అని మంచినీళ్లిచ్చి, గుడ్డ వెతకడానికి లోపలికెళ్లాను. ట్రంకుపెట్టెలో పెళ్లిచీర అడుగున నాలుగు మడతల రుమాలు ఒకటి చేతికి తగిలింది. విప్పితే మధ్యలో రూపాయి బిళ్లంత గుండ్రటి మరక. అంతే, నేను అక్కడే పెట్టె పక్కన కూర్చుండిపోయాను. హాల్లోంచి అతను "దొరికిందా మేడమ్" అని అడుగుతున్నాడు. నేను అప్పటికే కాశీబుగ్గలో ఉన్నాను.

మాది కాశీబుగ్గలో జీడి వాసన వచ్చే వీధి. ఆ మాటంటే మా ఊరివాళ్లు నవ్వుతారు, ఏ వీధిలో రాదు గనక అని. మా పెదనాన్నవీ మావీ రెండిళ్లు, ఒకటే గోడ. ఆ గోడకి మధ్యలో ఒక చిన్న తలుపు. పెద్దవాళ్లు వంగి దాటాలి, పిల్లలం పరిగెత్తుకుంటూ దాటేవాళ్లం. వెనక పెరడు ఇద్దరిదీ. నూతి దగ్గర రెండు కొబ్బరిచెట్లు, వాటి పక్కన రేకుల షెడ్డు. ఆ షెడ్డులో నాన్న, పెదనాన్న కలిసి చిన్న జీడి బట్టీ నడిపేవారు. ఉద్దానం నుంచి బస్తాల్లో జీడిపిక్కలు వచ్చేవి. వాటిని కాల్చి, పెంకు కొట్టి, పప్పు ఆరబెడితే, దాని మీద ఎర్రటి పొట్టు మిగులుతుంది. ఉల్లిపొరకన్నా పల్చన. అది ఒలిచేది ఆడవాళ్లు. ఒలిచినప్పుడు చేతిలో ఉండదు, గాలిలో ఉంటుంది. మా అన్నంలో పొట్టు, జడలో పొట్టు, దేవుడి పటం మీద పొట్టు. బడిలో పుస్తకం తెరిస్తే రెండు పేజీల మధ్య నుంచి జారి ఒళ్లో పడేది. టీచరమ్మ చదువు తప్ప అన్నీ తెస్తావని అనేది. నిజమే, పదితోనే ఆపేశాను, అది వేరే సంగతి.

ఆ పొట్టు మధ్య బతుకంతా కూర్చున్న మనిషి మా మామ్మ. నాన్నకీ పెదనాన్నకీ తల్లి. కొన్నాళ్లు ఆ ఇంట్లో, కొన్నాళ్లు మా ఇంట్లో ఉండేది. తన దూది పరుపు చుట్టుకుని, వంగి ఆ చిన్న తలుపు దాటి వచ్చిందంటే మాకు పండగే. రాత్రి కథలు, పొద్దున్నే తలకి నూనె. మా అమ్మకీ పెద్దమ్మకీ కూడా పండగే, ఇది వింటే మీరు నమ్మరు. అత్తగారిని మా ఇంట్లో ఉంచుకుంటామంటే మా ఇంట్లో అని కొట్టుకున్న తోటికోడళ్లని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. ఎందుకంటే మామ్మ ఉన్న ఇల్లే పెద్దిల్లు. బారువ నుంచి ఎండుచేపలు తెచ్చే ఆమె గంప ముందు ఆ గుమ్మంలోనే దించేది. చుట్టాలు ముందు ఆ ఇంట్లోనే కాళ్లు కడిగేవారు.

అలాంటి మామ్మకి దగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. మాట్లాడుతుంటే మధ్యలో ఈల వేసినట్టు చప్పుడొచ్చేది. నాన్న టెక్కలి తీసుకెళ్తే డాక్టరుగారు రాళ్లలాంటి మాత్రలిచ్చి, ఈవిడకి దుమ్ము తగలకూడదు, పొట్టు అసలే తగలకూడదు, ఇల్లు శుభ్రంగా ఉన్నచోటే ఉంచండి అన్నారట. ఆయన మామూలుగా అన్నారు. మా ఇళ్లలో అది పోటీ పరీక్ష అయిపోయింది. ఏ ఇల్లు శుభ్రమైతే మామ్మ ఆ ఇంటిది.

ముందు పెదనాన్న కొన్నాడు. విశాఖపట్నం నుంచి వచ్చిన టై అతని దగ్గర, నీలం రంగుది. అతను పెద్దమ్మ పరుపు మీద గొట్టం పెట్టి, మధ్యలో తెల్ల రుమాలు అడ్డంపెట్టి, స్విచ్చి వేసి తీసి చూపిస్తే రుమాలు మీద నల్లటి చక్రం. వీధంతా నోరు వెళ్లబెట్టింది. పెద్దమ్మ ఆ రుమాలుని ఉతకలేదు. అద్దాల బీరువాలో టీ కప్పుల పక్కన ఆరేసినట్టు పెట్టింది. వచ్చినవాళ్లందరికీ అదే చూపించేది. మా అమ్మకి నిద్ర పట్టలేదు. నెల తిరక్కుండా నాన్న చేత ఇంకో కంపెనీది, ఎర్రది కొనిపించింది. మా పరుపు మీద కూడా రుమాలు పెట్టించింది. మా చక్రం ఇంకా నలుపు. అమ్మ దాన్ని గడప పక్కన మేకుకి తగిలించింది, పెద్దమ్మ వంగి తలుపు దాటినప్పుడు సరిగ్గా మొహానికి తగిలేట్టు.

మామ్మ రెండు రుమాళ్లూ చూసి, "అయితే ఎవులింట్లో ఎక్కువ మట్టున్నాదో తేలిపోనాది కదే" అంది. మేము పిల్లలం పడిపడి నవ్వాం. కోడళ్లిద్దరూ వినలేదు. వినపడలేదని కాదు.

ఇక అక్కడి నుంచి చూడాలి. ఏ వస్తువైనా మనది కానంతసేపూ కళ్లు బాగానే కనిపిస్తాయి. మనదయ్యాక దాని గుణాలన్నీ మన గుణాలే. పెద్దమ్మ నీలం మిషను ఆన్ చేస్తే రైసుమిల్లు లాగ మోగేది. "రొద ఉండాల్నే సెల్లీ. రొద నేకుండా బలవెక్కడిది" అనేది పెద్దమ్మ. మా ఎర్రది అంత మోగదు. "మంచి మిషనుకి రొదేటక్కా. పనోడు మాటాడతాడేటి" అనేది మా అమ్మ. వాళ్లది బరువు, ఇద్దరు మోయాలి. బరువుంటేనే సరుకున్నట్టు. మాది తేలిక, నేనొక్కదాన్నే ఈడ్చేదాన్ని. తేలికైతేనే తెలివున్నట్టు. వాళ్ల గొట్టం పొడుగు, అటక దాకా అందుతుంది. మాది పొట్టి, గాలి దగ్గరగా గట్టిగా లాగుతుంది. ఏ లోపం చూపించినా దానికి ఒక గొప్ప సిద్ధంగా ఉండేది. వీధిలో ఇంకెవరింట్లోనూ అసలు మిషనే లేదు, అయినా సగం మంది ఎర్రవాళ్లు, సగం మంది నీలంవాళ్లు అయిపోయారు. నూతి దగ్గర నీళ్లు తోడుతూ వాదించుకునేవారు. మిషన్ ముట్టుకోని చేతులతో.

ఒక ఆదివారం తేల్చేద్దామనుకున్నారు. ఎవరి పరుపూ కాదు, మామ్మ పరుపు. పెరట్లో నులకమంచం వేసి, దాని మీద పరుపు పరిచి, షెడ్డులోంచి వైరు లాగారు. తీర్పు చెప్పే పెద్దమనిషి పెదనాన్న. ముందు నీలం లాగింది. ఆ తర్వాత ఎర్రది రుమాలు పెట్టి లాగితే చక్రం వచ్చింది. "సూసావా అక్కా, నీది వొగ్గేసిందంతా నాది నాగింది" అంది అమ్మ. పెద్దమ్మ మొహం మాడిపోయింది. "అయితే మల్లీ నాది ఎట్టు" అంది. మళ్లీ నీలం పెట్టారు. మళ్లీ చక్రం. ఇప్పుడు ఎర్రది వదిలేసిందట. మళ్లీ ఎర్రది, మళ్లీ నీలం. అది దూది పరుపు, దాన్ని సంవత్సరం లాగినా ఏదో ఒకటి ఇస్తూనే ఉంటుంది. ఎవరు చివర లాగితే వాళ్లు గెలుస్తున్నారు. కరెంటు పోయింది కాబట్టి ఆగింది గానీ, లేకపోతే ఇప్పటికీ లాగుతూనే ఉండేవారు. మామ్మ పక్కన పీట మీద కూర్చుని, పరుపు పల్చబడిపోతోందే అని మెల్లిగా అనుకుంటోంది.

ఇంకొక ముచ్చట చెప్పాలి, అసలు ముచ్చట అదే. మిషనులో దుమ్మంతా ఒక గుడ్డసంచిలోకి వెళ్తుంది. అది నిండకుండా వారంవారం దులపాలని టై వాళ్లిద్దరూ చెప్పి వెళ్లారు. కానీ ఎవరు దులుపుతారు. ఆ సంచే కదా సాక్ష్యం. చుట్టాలొస్తే మిషను మూత తీసి, ఉబ్బిన సంచి చూపించి, "ఇదంతా మాయింట్లోదే" అని పెద్దమ్మ గొప్పగా చెప్పేది. అమ్మ అయితే ఒకసారి సంతబొమ్మాళి నుంచి వచ్చిన మా పిన్ని చేత సంచి ఎత్తించి బరువు చూపించింది. పిన్ని "లోపల పిల్లి ఉన్నట్టుంది" అంది. వాళ్ల సంచి కన్నా మన సంచి చిన్నదవుతుందేమోనని ఇద్దరూ ముట్టుకోలేదు. నెలలు గడిచిపోయాయి. నాకు ఆ నెలలు చాలా అందంగా గుర్తున్నాయి, అదే చిత్రం. మధ్యాహ్నం రెండిళ్లలోనూ మిషన్లు నడిచేవి. గోడకి ఇటు ఒక పాట, అటు ఒక పాట. ఇంటికప్పులో ఉన్న గాజుపెంకు లోంచి ఎండ ఏటవాలుగా పడేది. ఆ ఎండలో పొట్టు ధూళి ఎర్రగా, బంగారంగా తిరిగేది. నేనూ పెద్దమ్మ కూతురు అక్కా నేల మీద వెల్లకిలా పడుకుని దాన్ని పట్టుకోబోయేవాళ్లం. చెయ్యి చాస్తే తప్పుకునేది, చెయ్యి తీస్తే మళ్లీ వచ్చేది. మిషను నడిచినప్పుడే అంత బంగారం ఎందుకొస్తోందో ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. మామ్మ గోడకి ఆనుకుని కూర్చుని మమ్మల్ని చూస్తూ ఉండేది. ఏమీ మాట్లాడేది కాదు. ఇప్పుడాలోచిస్తే, మాట్లాడితే దగ్గొస్తుందని.

మిషన్లు వచ్చాక మామ్మ దగ్గడం మానేసింది. నిజం. రెండిళ్లలోనూ అదే మాట. "మాయింటికొచ్చాక అత్తకి దగ్గే నేదు" అని పెద్దమ్మ. "మాయింట్లో పడుకున్న రాత్రి ఈల కూడా నేదక్కా" అని అమ్మ. రెండూ నిజమే. ఇద్దరూ గెలిచారు. కాకపోతే మామ్మ మాటిమాటికీ పెరట్లోకి వెళ్లేది. వయసు కదా అనుకున్నారు.

నాకు తెలిసింది ఒక మధ్యాహ్నం. ఉసిరికాయ నూతి వెనక్కి దొర్లిపోతే వెతుక్కుంటూ వెళ్లాను. జీడి పెంకుల కుప్ప చాటున, కొబ్బరిచెట్టుని రెండు చేతులతో కావలించుకుని మామ్మ నిలబడి ఉంది. చీర కొంగు నోట్లో కుక్కుకుంది. వీపు ఎగిరెగిరి పడుతోంది. చప్పుడు మాత్రం బయటికి రావడం లేదు. నేను మామ్మా అని అరవబోతే చెయ్యి ఊపింది. కాసేపటికి కొంగు తీసి, చెట్టుకి చెంప ఆనించి, ఊపిరి ఊపిరికీ ఒక మాట చొప్పున అంది: "అరవకే గుంటా. ఈడ దగ్గితే ఎవులి మిషనూ ఓడిపోదు."

నా సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, నా నోట్లో ఆవగింజ నానదు. మామ్మ చెప్పొద్దంటుండగానే నేను పరిగెత్తాను. అమ్మా పెద్దమ్మా మధ్య తలుపు దగ్గర ఇటొకరు అటొకరు నిలబడి చింతపండు పంచుకుంటున్నారు. ఉన్నదున్నట్టు చెప్పేశాను, చెట్టు, కొంగు, ఆ మాట కూడా. ఇద్దరూ చింతపండు కింద పెట్టేశారు. తర్వాత పెద్దమ్మ, "నిన్న మీయింట్లోనే కదే పడుకుంది" అంది. "మొన్నటి దాకా మీయింట్లోనే కదక్కా" అంది అమ్మ. అంతలో మామ్మ గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చింది. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఏదో చెప్పబోయింది, మాట రాలేదు. సరిగ్గా ఆ గడప మీదే, సగం వాళ్లింట్లో సగం మా ఇంట్లో, కూలబడింది.

అప్పుడు వాళ్లు చేసిన పని మా ఇళ్లలో తప్ప ఎక్కడా జరగదు. ఇద్దరూ లోపలికి పరిగెత్తి చెరో మిషనూ ఈడ్చుకొచ్చారు. దుమ్ము తగలకూడదన్నారు కదా, ఆవిడ చుట్టూ గాలి శుభ్రం చేద్దామని. ఏడుస్తూనే స్విచ్చిలు వేశారు. మామ్మకి అటు నీలం, ఇటు ఎర్రది, రెండూ మోగుతున్నాయి. మామ్మ కళ్లు తేలిపోతున్నాయి. వాకిట్లోంచి ఎండ నేరుగా ఆ గడప మీద పడుతోంది, నేనూ అక్కా ఆడుకునే బంగారం ఎన్నడూ లేనంత దట్టంగా లేచింది. "అక్కా, నీ మిషను ఎనక సూడు, పొగలాగ ఎగజిమ్మతంది. ఆపక్కా" అని అరిచింది అమ్మ. "నాదేటి, నీది సూసుకో, ఎర్రటి దుమ్ము అత్త మొకం మీదికే కొడతంది" అని పెద్దమ్మ. ఇద్దరూ ఒకరికొకరు వేలు చూపించుకుంటూ నిలబడ్డారు. ఆ వేళ్ల వెంట ఇద్దరి తలలూ వెనక్కి తిరిగాయి. తమ తమ మిషన్ల వెనక్కి. మొదటిసారి.

స్విచ్చిలు ఎవరు ఆపారో నాకు గుర్తులేదు. నిశ్శబ్దం గుర్తుంది, అందులో మామ్మ ఈల. నాన్న షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చి మామ్మని చేతుల మీద ఎత్తుకున్నాడు. కోడళ్లిద్దరూ చెరో చెప్పూ తారుమారుగా వేసుకుని రిక్షాలో ఆవిడకి చెరో పక్కా కూర్చున్నారు. వీధి చివర డాక్టరు ఇంజక్షన్ ఇచ్చి, చాలాసేపు కూర్చోబెట్టి పంపాడు. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చారు. ఇద్దరి మధ్యా మామ్మ, అలిసిపోయి, పాలు తాగిన పిల్లలాగ.

మర్నాడు పొద్దున్నే పెరట్లో పాత దుప్పటి పరిచి, నిండిపోయి దుమ్ముని వెనక్కి కక్కుతున్న ఆ రెండు సంచులూ గుమ్మరించారు. ఏ కుప్ప ఎవరిదో తేడా కనపడుతుందని నేను ఆశగా చూశాను. రెండూ ఒకటే ఎరుపు. అదే పొట్టు, అవే తల వెంట్రుకలు, మా గాజుముక్క వాళ్ల సంచిలో, అక్క రిబ్బను పోగు మా సంచిలో. ఆ మధ్య తలుపు గుండా దుమ్ము మాకన్నా ఎక్కువ తిరిగిందన్నమాట. సముద్రం వైపు నుంచి గాలి ఒకటి లేచి రెండు కుప్పల్నీ కలిపేసింది. మామ్మ దూరంగా, మూతికి తడిగుడ్డ కట్టుకుని, అరుగు మీద కూర్చుని చూస్తోంది.

"ఏటే పెద్దదానా, ఎవులిది గెలిసింది" అంది.

పెద్దమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చింది. "ఒక్క దగ్గు దగ్గితే మా సొమ్మేటి పోద్దత్తా" అంది.

"మీరిద్దరూ అంత సరదా పడతంటే ఎలగ దగ్గుతానే" అంది మామ్మ. ఆ మాటకి దగ్గొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా దగ్గింది. బొంగురుగా, గట్టిగా, రెండిళ్లకీ వినపడేట్టు. అమ్మ వీపు రాసింది, పెద్దమ్మ నీళ్లు పట్టింది. ఆ దగ్గు వింటే నాకు ఎందుకో హాయిగా అనిపించింది.

ఆ తర్వాత మామ్మ కొన్ని కట్టుబాట్లు పెట్టింది. మిషను నడిచినంతసేపూ తను అరుగు మీద ఉంటుంది. పొట్టు ఒలిచే పని షెడ్డు దాటి రాకూడదు, షెడ్డులోంచి వచ్చినవాళ్లు నూతి దగ్గర చీర దులుపుకుని రావాలి. ముఖ్యమైంది ఇంకొకటి: ఎవరి సంచి వాళ్లు దులపకూడదు. అమ్మ సంచి పెద్దమ్మ దులపాలి, పెద్దమ్మ సంచి అమ్మ దులపాలి. మీ కళ్లకి మీది కనపడదు కదే, అంది. ప్రతి శనివారం ఇద్దరూ పెరట్లో ఎదురెదురుగా నిలబడి ఒకరి సంచి ఒకరు దులుపుతూ, ఎంత మురికే మీయింట్లో అంటే ఎంత మురికక్కా మీయింట్లో అని తిట్టుకునేవారు. అది చూడ్డానికి వీధివాళ్లు వచ్చేవారు. సాక్ష్యం రుమాళ్లు రెండూ మామ్మ లాక్కుని తన పెట్టెలో పడేసింది.

మామ్మ పడక కూడా అటూ ఇటూ మార్చడం మానేశారు. నాన్న ఆ చిన్న తలుపు రెక్క ఊడదీసి, పైన గోడ కొంచెం కొట్టించాడు. మామ్మ మంచం అక్కడ వేశారు, తల పెద్దమ్మ ఇంట్లో, కాళ్లు మా ఇంట్లో. వేసంకాలం తిప్పి వేసేవాళ్లం. ఆయాసం పోలేదు, పోయేది కాదట. కానీ ఇంకా చాలా ఏళ్లు మా మధ్య దగ్గుతూ, ఈల వేస్తూ, కథలు చెబుతూ ఉంది. నా పెళ్లికి ఆ మంచం మీదే కూర్చుని అక్షింతలు వేసింది. ఆవిడ కన్నుమూసిన ఏడాదే మిషన్లు రెండూ పాత సామాన్ల బండి మీద, ఒకదాని మీద ఒకటి ఎక్కి వెళ్లాయి. ఏది పైనున్నదో అమ్మా పెద్దమ్మా ఇప్పటికీ ఒప్పుకోరు.

హాల్లో సేల్స్ అతను దగ్గాడు. నేను రుమాలు పట్టుకునే బయటికొచ్చాను. అతను చూసి, "ఇది తెల్లగా లేదు మేడమ్" అన్నాడు. లేదులే అన్నాను. "సంచి ఎవరు దులపాలి బాబూ" అని అడిగాను. మీరే మేడమ్, చాలా ఈజీ అన్నాడు. అయితే నాకు తోటికోడలు లేదు, కుదరదన్నాను. అతనికి ఏం అర్థమైందో గానీ, పెట్టె సర్దుకుని, ఇంకో గ్లాసు నీళ్లు తాగి, ఎండలోకి వెళ్లిపోయాడు.

మామ్మ పెట్టె పంచుకున్నప్పుడు ఒక రుమాలు అక్కకి, ఒకటి నాకు వచ్చాయి. ఏది ఏ ఇంటిదో అప్పుడే తెలియలేదు. సాయంత్రం కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి మళ్లీ చూశాను. నల్లగా ఉండేది కాస్తా లేత గోధుమరంగుకి వచ్చింది, అంచులు ఎక్కడ ఆగాయో కనపడటం లేదు. ఇన్నాళ్లలో దాన్ని ఎవ్వరం ఉతకలేదు. సంవత్సరాలే ఒకదాని తర్వాత ఒకటి వచ్చి, చెయ్యి కనపడకుండా, కొంచెం కొంచెంగా ఉతుక్కుపోతున్నాయి.